కృష్ణకు ఆవలి గట్టు

నిరంకుశ ప్రభుత్వాల ప్రచారం అనగానే మనకు పెద్ద పెద్ద అబద్ధాలు గుర్తుకొస్తాయి. నిజానికి అబద్ధం రెండో మెట్టు. ముందు తలుపులు మూయాలి. మిర్చి పండించే మన పల్నాటి రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. కల్లం దగ్గరికొచ్చిన బేరగాడు అబద్ధమాడాల్సిన పనే లేదు. గుంటూరు యార్డు ధర రైతు చెవిన పడకుంటే చాలు, అతను చెప్పిందే ధర.

హిట్లరు జర్మనీలో 1933లోనే చౌక రేడియోలు తయారు చేయించి ఇంటింటికీ చేర్చారు. 1939లో విదేశీ స్టేషన్లు వినడం నేరం చేశారు. ఉత్తర కొరియాలో రేడియో ముల్లును సర్కారు స్టేషను దగ్గరే బిగించేస్తారు. అంత దూరం ఎందుకు? సాగర్ దగ్గర ఈ ఒడ్డున నిలబడి చూడండి. అవతలి గట్టు 1948 దాకా నైజాం రాజ్యం.

అక్కడి ప్రజల్లో దాదాపు సగం మంది తెలుగువారు. పాలనా, పై చదువులూ ఉర్దూలో. సభ జరపాలంటే సర్కారు అనుమతి కావాలి. ‘గస్తీ నిషాన్ తిర్‌పన్’ అని పేరుపడ్డ 53వ నంబరు ఉత్తర్వు అది. గ్రంథాలయం పెట్టుకున్నా అనుమానమే. 1937లో నిజాం రజతోత్సవాలప్పుడు అమెరికా ‘టైమ్’ పత్రిక ఆయన్ను ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా ముఖచిత్రం వేసింది. నల్లగొండలో దొరల గడీల ముందు వెట్టి చేసేవాడు ఆ బొమ్మలో ఎక్కడా లేడు.

ఇలా మూసిపెడితే లోపలివాళ్లే కాదు, బయటివాళ్లూ మోసపోతారు. ఆ రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు రాసేశాడు. ‘గోలకొండ పత్రిక’ను 1926 నుంచి నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి గారు వాదన పెట్టుకోలేదు. ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, 1934లో 354 మందితో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చు వేశారు! లాబ్‌లో మీటరు వైరు పీకేసి, ముల్లు సున్నా మీదుందని రికార్డులో రాసుకుంటే లెక్చరరు గారు ఒప్పుకుంటారా? నాకు ఈ కథంతటిలో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

అబద్ధాల అంకం 1947 తర్వాత వచ్చింది. ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామని రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ ఉపన్యాసాలు. ముస్లింలంతా తన వెనకే ఉన్నారన్నది ఆయన ధీమా. అదే ఉర్దూలో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఇండియాలో కలవడమే మేలని రాశాడు. 1948 ఆగస్టు 22న ఆయన్ను చంపేశారు. తెలుగు పత్రికలో ఎవరో హిందువు రాస్తే శత్రువు రాతలని కొట్టిపారేయవచ్చు. సొంత ఇంట్లోంచి, సొంత భాషలో వచ్చిన మాటను ఏమనగలరు? సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17 సాయంత్రానికి నిజామే రేడియోలో లొంగుబాటు చెప్పుకోవాల్సి వచ్చింది.

మన గట్టు సంగతి కూడా చెప్పాలి. నల్లగొండ రైతుల బాధ మన పల్లెలకు పేపర్ల కంటే బుర్రకథల వల్లా, నాటకాల వల్లా ఎక్కువగా తెలిసింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ‘మా భూమి’ని జనం విరగబడి చూశారు. దాన్ని నిషేధించింది నిజాం కాదు, ఓట్లతో గెలిచి వచ్చిన మన మద్రాసు ప్రభుత్వమే.