అయిదుగురి కుటుంబానికి ఎంత ఇల్లు కావాలి?

ప్రశ్న: పోచారంలో అయిదుగురున్న రైతు కుటుంబానికి 400 చదరపు అడుగుల ఇల్లు సరిపోతుందా?

జవాబు: ఒక గదిలో ముగ్గురికి మించి ఉంటే దానిని ఇరుకుగా పరిగణించాలన్నది ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ ప్రమాణం కనుక, అయిదుగురికి కనీసం రెండు గదులు అవసరమవుతాయి. ఆ రెండూ 9.5, 7.5 చదరపు మీటర్లకు తగ్గరాదని జాతీయ భవన నిర్మాణ స్మృతి, అనగా దేశవ్యాప్తంగా నిర్మాణాలకు మార్గదర్శకమైన నియమావళి, సూచిస్తుంది. భోజనానికీ చోటుండే వంటగదికి 7.5, స్నానాల గది, మరుగుదొడ్డి కలిపి 2.8 చేర్చితే మొత్తం 27.3 చదరపు మీటర్లు, అంటే సుమారు 294 చదరపు అడుగులు అవుతుంది. గోడల మందం దీనికి అదనం. ఆ లెక్కన తెలంగాణ ప్రభుత్వ పథకమైన ఇందిరమ్మ ఇళ్లకు నిర్దేశించిన 400 చదరపు అడుగుల కనీస విస్తీర్ణం చాలుతుంది గాని, వెసులుబాటు ఉండదు. అదే రాష్ట్రంలో 2015లో మొదలైన రెండు పడకగదుల ఇళ్ల పథకంలో ఆ విస్తీర్ణం 560 చదరపు అడుగులుగా ఉండేది.

అయితే ఈ ప్రమాణాలన్నీ మనుషులనే లెక్కిస్తాయి. పోచారం ప్రాజెక్టు ఆయకట్టులో వరి పండించే ఇంటికి ధాన్యం బస్తాలు, ఎరువులు, పనిముట్లు, పశువుల కొట్టం కూడా ఉంటాయి. పురుగుమందులనైతే పడకగదిలో ఉంచనే కూడదు. అందువల్ల మూడో గదికి అప్పు చేయడం కంటే వెడల్పైన వసారా, విడిగా ఒక రేకుల కొట్టం వేసుకోవడమే ఇక్కడ మేలు.