మూడు నిముషాల మాట ఖరీదు

1914లో అమెరికాలో ఫోర్డు కార్ల కర్మాగారం తన పనివాళ్ళకు రోజుకు 5 డాలర్లు ఇస్తామని ప్రకటిస్తే దేశమంతా విడ్డూరంగా చెప్పుకుంది. అది అప్పటికి అంత పెద్ద కూలి. మరుసటి ఏడు జనవరి 25న న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు టెలిఫోను లైను ప్రారంభమైంది. మూడు నిముషాలు మాట్లాడితే 20 డాలర్ల 70 సెంట్లు! అంటే ఆ ఫోర్డు పనివాడు నాలుగు రోజులకు పైగా చెమటోడిస్తే మూడు నిముషాల మాట. "బాగున్నావా, పిల్లలు బాగున్నారా" అనేసరికి ఒక రోజు కూలి ఖర్చయిపోయేదన్నమాట.

ఇంత ఖరీదెందుకు? కంపెనీ దురాశ అని కొట్టిపారేయకండి. ముందు ఆ లైను ఎలా ఉండేదో చూడండి. ఒక సముద్రతీరం నుంచి మరో తీరం దాకా లక్షా ముప్ఫై వేల స్తంభాలు పాతారు. వాటిమీద నాలుగు మిల్లీమీటర్లకు పైగా మందం ఉన్న రాగి తీగలు లాగారు. సన్నతీగ ఎందుకు పనికిరాదు? మన గొంతు తీగలో చిన్న విద్యుత్ ప్రవాహంగా మారి పోతుంది. తీగ నిరోధం దాన్ని మైలుమైలుకూ తినేస్తుంది. తీగ లావైతే నిరోధం తగ్గుతుంది, కాని రాగి ఖర్చు పెరుగుతుంది. లావు తీగ కూడా అంత దూరానికి చాలలేదు. దారి మధ్యలో వాల్వులు పెట్టి, నీరసించిన ప్రవాహాన్ని మళ్ళీ బలపరచవలసివచ్చింది. ఇంతా చేసి ఆ తీగల మీద ఒకేసారి మాట్లాడగలిగింది వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. విజయవాడ నుంచి హైదరాబాదుకు బస్సులో మీరు ఒక్కరే వెళ్తే డీజిలు ఖర్చంతా మీ నెత్తినే పడుతుంది. యాభైమంది ఎక్కితే? దూరం తగ్గలేదు, బస్సు మారలేదు, టిక్కెట్టు మాత్రం తగ్గింది. టెలిఫోను కథంతా ఆ ఒక్క తీగలోకి మరింతమందిని ఎక్కించిన కథే.

ఎలా ఎక్కించారు? మాట అర్థం కావడానికి సెకనుకు 300 నుంచి 3,400 దాకా కంపనాలు ఉంటే చాలు. కాబట్టి ఒక్కో మాటకు 4,000 కంపనాల వెడల్పున్న గది ఇస్తే సరి. ఒకరి మాటను 60,000 – 64,000 కంపనాల మధ్యకు ఎత్తిపెడతారు. ఇంకొకరిది 64,000 – 68,000 మధ్యకు. ఇలా 1,08,000 చేరేసరికి ఒకే తీగలో పన్నెండు మాటలు! అవతలి కొసలో వడపోత పెట్టి దేనికదే విడదీస్తారు. గాలిలో ఎన్నో ఆకాశవాణి కేంద్రాలు ఒకేసారి పలుకుతున్నా, మీ రేడియో ముల్లు తిప్పి ఒక్కదాన్నే వింటారు కదూ! ఇదీ అదే.

సముద్రం సంగతి చూడండి. 1927లో న్యూయార్కు, లండన్ల మధ్య రేడియో ద్వారా మాట్లాడే ఏర్పాటు వచ్చింది. రెండు ఖండాలకూ కలిపి ఒకే ఒక్క దారి. మూడు నిముషాలకు 75 డాలర్లు. 1956లో అట్లాంటిక్ అడుగున మొదటి టెలిఫోను కేబులు వేశారు. అది 36 మాటలను మోసింది. ధర 12 డాలర్లు. ఆ కేబులు పొడవునా వాల్వులున్నాయి. సముద్రం అడుగున పాడైతే బాగుచెయ్యడం ఎంత కష్టమో ఆలోచించండి! అయినా 1978 దాకా అది పనిచేసింది. నన్నడిగితే, అంతరిక్ష నౌకలకు ఇచ్చే గౌరవంలో కొంత ఆ వాల్వులకూ ఇవ్వాలి. 1988లో అదే సముద్రంలో గాజుపోగుల కేబులు వేశారు. అది దాదాపు 40,000 మాటలను కాంతిరూపంలో మోసింది.

ఐతే తీగ చవకైనంత మాత్రాన బిల్లు చవక కావాలని లేదు. మన దేశంలో కాన్పూరు, లక్నోల మధ్య 1960లో ఎస్.టి.డి. మొదలైంది. దూరప్రాంతాల కాల్స్ మీద వచ్చే లాభంతో ఊళ్ళోని ఫోన్లను చవకగా నడపడం చాలాకాలం సాగింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. ధర తగ్గే వేళ కోసం కాచుకుని, రాత్రి భోజనాలయ్యాక ఎస్.టి.డి. బూత్ ముందు వరుస కట్టడం, మాట్లాడుతున్నంతసేపూ ఎర్ర అంకెల మీటరు వైపే చూడడం చెబుతారు. వెయ్యి కిలోమీటర్లు దాటితే నిముషానికి 24 రూపాయలున్న ధర 2002 జనవరిలో 9 రూపాయల 60 పైసలయింది. 2006 మార్చిలో, దేశంలో ఎక్కడికైనా రూపాయి పథకం వచ్చింది. ఆ నాలుగేళ్ళలో గాజుపోగు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ప్రైవేటు కంపెనీలకు 2000లో ఈ రంగం తెరిచారు. పోటీ వచ్చింది, పాత లెక్క చెల్లకుండా పోయింది.

ఇక కాగితం, పెన్సిలు తీసుకోండి. అంకెలుగా మార్చే పాత పద్ధతిలో గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు ఒక బైటు. అంటే సెకనుకు 8,000 బైట్లు. మూడు నిముషాలకు 14,40,000 బైట్లు. ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు అనుకుంటే అందులో 1,25,000 సెకన్ల మాట పడుతుంది. అది 34 గంటల పైమాటే. రెండువైపుల గొంతులూ లెక్కపెడితే 17 గంటలు. ఇప్పటి ఫోన్లు మాటను ఇంకా కుదించి పంపుతాయి కనుక అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువే. మీ ఇంట్లో ఒక జీబీకి ఎంత కడుతున్నారో అడిగి, మూడు నిముషాల మాట ఎన్ని పైసలో, కాదు, పైసాలో ఎన్నో వంతో లెక్కకట్టి చూడండి.