రాగి గొట్టానికి మాటు – ఫ్లక్స్ సంగతి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే కవితలు నాకు చేతకావని చెప్పాను. గొట్టాలు అతకడం వచ్చు. టెన్త్ తర్వాత ఐ.టి.ఐ.లో చేరేవాళ్లు మీలో ఉంటారు కనుక దాని గురించే రాస్తున్నాను.

మల్కాపురంలో మన ఇళ్లకు నీళ్ల పైపు అంటే జి.ఐ. లేదా పి.వి.సి. ఇంగ్లండు, అమెరికాల్లో ఇంటి నీళ్లకు రాగి గొట్టాలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. మనకు రాగి గొట్టం కనబడేది ఫ్రిజ్ వెనక, ఏ.సి.లో, ఆసుపత్రి ఆక్సిజన్ లైనులో, ఓడల్లో. ఎక్కడైనా అతుకు నిలవాలంటే ముందు ఫ్లక్స్ గురించి తెలియాలి.

ఫ్లక్స్ జిగురు కాదు. చాలామంది అలాగే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. మనూరి సముద్రపు గాలికి రాగిచెంబు ఎంత త్వరగా నల్లబడుతుందో మీకు తెలుసు. చింతపండు పెట్టి తోమితే అందులోని పులుపు ఆ ఆక్సైడు పొరను కరిగించేస్తుంది, చెంబు మెరుస్తుంది. ఫ్లక్స్ పని మొదటి సగం ఇదే. రెండో సగం చింతపండు వల్ల కాదు. మంట తగిలిన రాగి క్షణాల్లో మళ్లీ నల్లబడుతుంది. ఫ్లక్స్ కరిగి లోహాన్ని కప్పి, గాలి తగలకుండా కాపాడుతుంది. శుభ్రమైన రాగి మీదే టంకం పారుతుంది. మసి మీద ముత్యాల్లా దొర్లిపోతుంది.

ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు నవాసారం చల్లేది, కంసాలి బంగారం అతికేటప్పుడు వెలిగారం పెట్టేది ఇందుకే. ఒకప్పుడు ఈ విద్యలు ఆ ఇళ్లలో పుట్టినవాళ్లకే దొరికేవి. మనకు ఐ.టి.ఐ. వర్క్‌షాపులో చెబుతారు. అక్కడ మాత్రం వెనక నిలబడకండి.

ఏ ఫ్లక్స్ వాడాలో వేడిని బట్టి, లోహాన్ని బట్టి ఉంటుంది. 450 డిగ్రీల సెంటీగ్రేడు లోపు కరిగే టంకంతో చేసేది సోల్డరింగ్, అంతకు మించితే బ్రేజింగ్. తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది. 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం కలిసిన టంకం 183కే కరుగుతుంది. కానీ సీసం విషం. తాగునీటి గొట్టాలకు సీసపు టంకాన్ని అమెరికా 1986లో నిషేధించింది. నీళ్ల లైనుకు సీసం లేనిదే అడగండి. దీనికి జింక్ క్లోరైడు, అమ్మోనియం క్లోరైడు ఉండే పేస్టు సరిపోతుంది. రేడియో మెకానిక్ వాడే రోజిన్‌కు గొట్టం మీది పొరను తీసే బలం లేదు.

బ్రేజింగ్ మంటకు ఆ పేస్టు మాడిపోతుంది. వెలిగారం 743 డిగ్రీలకు గానీ కరగదు. అంతకన్నా తక్కువ వేడికి కరిగే సిల్వర్ రాడ్డుకు ఫ్లోరైడు కలిసిన తెల్ల ఫ్లక్స్ కావాలి. దాని పొగ పీల్చకూడదు. కాడ్మియం ఉన్న సిల్వర్ రాడ్డు పొగ ప్రాణం మీదికే తెస్తుంది. కిటికీలు తెరిచి పని చేయండి, డబ్బా మీద రాసింది చదవండి.

ఇక ఫాస్ఫరస్ కలిసిన రాగి రాడ్డు. రాగికి రాగిని అతికేటప్పుడు దీనికి ఫ్లక్స్ అక్కరలేదు, ఫాస్ఫరసే ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఒకవైపు ఇత్తడి ఉంటే ఫ్లక్స్ వేయాలి. ఇనుముకు మాత్రం ఈ రాడ్డు వాడనే వాడకూడదు, అతుకు పెళుసై విరుగుతుంది. ఆక్సిజన్ లైన్లలో రాగికి రాగిని ఫ్లక్స్ లేకుండా, లోపల నైట్రోజన్ పారిస్తూ అతుకుతారు. లోపల మసి కట్టకూడదు, ఆ గాలి రోగి పీలుస్తాడు.

అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు ఒకచోట నీళ్ల లైనుకు పన్నెండు అతుకులు వేశాను. ఎక్కువ పూస్తే గట్టిగా ఉంటుందని ఫిట్టింగు లోపల కూడా పేస్టు నింపాను. పని బాగుందన్నారు. కొన్ని నెలలకు అతుకుల పక్కన ఆకుపచ్చ చిలుము, తర్వాత సూదిమొనంత కన్నాలు. మిగిలిపోయిన పేస్టు లోపల్నుంచి రాగిని తినేసింది. మళ్లీ చేసిన పనికి కూలి రాలేదు. కూలి కంటే మేస్త్రీ గారు ఆ గొట్టం ముక్కను నలుగురి ముందు కోసి చూపించిన సంగతే ఎక్కువ గుర్తుంది.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. గొట్టం కోశాక లోపలి అంచు అరగదీయాలి. గొట్టం బయట, ఫిట్టింగు లోపల రాగి మెరిసేదాకా ఎమ్రీ పేపరుతో రుద్దాలి, తర్వాత వేలితో ముట్టకూడదు. పేస్టును బ్రష్‌తో పల్చగా, ముఖ్యంగా గొట్టం చివర పూయాలి. గొట్టం దూర్చి ఒకసారి తిప్పాలి. మంట ఫిట్టింగుకు పెట్టాలి, టంకానికి కాదు. మంటకు అవతలి వైపు టంకం తగిలిస్తే, దానంతటదే సందులోకి పీల్చుకుంటుంది. ఫ్లక్స్ నల్లబడితే వేడి ఎక్కువైనట్టే. ఆపి, చల్లార్చి, విప్పి, మళ్లీ శుభ్రం చేయాలి. పైన ఇంకాస్త పేస్టు రాసి సరిపెట్టకండి.

అతుకు దానంతటది గట్టిపడేదాకా కదపకండి. తర్వాత తడిగుడ్డతో తుడిచి, లోపల నీళ్లు బాగా పారించి, అప్పుడు ప్రెషర్ టెస్టు పెట్టండి. మిగిలిన పేస్టు ఒక్కోసారి చిన్న కన్నాన్ని మూసేసి ఆ రోజుకు టెస్టు పాస్ చేయిస్తుంది. నా పన్నెండు అతుకులూ టెస్టు పాసైనవే.