ఖర్చు లెక్కలు - ఖర్చు పెట్టినవారి లెక్కలు

ఫైనలియర్ ప్రాజెక్టు సెమినార్లు జరుగుతున్న రోజులవి. ఊరి మంచినీటి ట్యాంకులో నీటిమట్టం చూసి, మోటారు ఆపి, ఆపరేటరు ఫోనుకు కబురు పంపే పెట్టె ఒకటి తయారుచేస్తున్నారు మా కుర్రాళ్ళు. అందులో ఏ ఆపరేటింగ్ సిస్టం వాడాలన్నది ప్రశ్న. "లైనక్స్ కంటే కమర్షియల్ సిస్టంతో తయారీ ఖర్చు తక్కువని పరిశోధనలో రుజువైంది సార్" అన్నాడొక విద్యార్థి.

"ఆ పరిశోధనకు డబ్బెవరిచ్చారు?" అనడిగాను.

రిపోర్టు తిరగేసి, "ఆ సిస్టం అమ్మే కంపెనీయే సార్" అన్నాడు. క్లాసంతా ఘొల్లున నవ్వింది. "అయితే ఇక చెప్పేదేముంది, కూర్చో" అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "మరి లైనక్స్ మీద సర్వీసు అమ్ముకునే కంపెనీ రాయిస్తే నమ్మవచ్చా సార్?" అంది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

పెట్రోలు పంపు, బస్సు టిక్కెట్ల మిషను, ఆసుపత్రిలో గుండె కొట్టుకోవడం చూపే మానిటరు - వీటి లోపల ఇమిడివుండే కంప్యూటర్లనే ఎంబెడెడ్ సిస్టమ్స్ అంటాం. 2000 ప్రాంతంలో ఈ రంగంలో లైనక్స్ జోరుగా అడుగుపెట్టింది. అప్పటికే మైక్రోసాఫ్ట్‌కు విండోస్ సి.ఇ. ఉంది. 2003లో ఎంబెడెడ్ మార్కెట్ ఫోర్‌కాస్టర్స్ అనే సంస్థ రెండింటి అభివృద్ధి ఖర్చులనూ పోల్చి, విండోస్ వైపే చౌక అని తేల్చింది. ఆ అధ్యయనానికి డబ్బిచ్చింది మైక్రోసాఫ్ట్. లైనక్స్ అభిమానులు మండిపడ్డారు. పెరుగమ్మేవాడు తన పెరుగు పుల్లగా ఉందని చెప్పడు కదా!

అంతమాత్రాన అందులోని అంకెలు అబద్ధమనేయవచ్చా? అనకూడదు. 1999 ఏప్రిల్‌లో మైండ్‌క్రాఫ్ట్ అనే సంస్థ, మైక్రోసాఫ్ట్ డబ్బుతోనే, సర్వర్లను పరీక్షించింది. లైనక్స్ కంటే విండోస్ ఎన్.టి. ఫైల్ సర్వరుగా 2.5 రెట్లు, వెబ్ సర్వరుగా 3.7 రెట్లు వేగమని చెప్పింది. గగ్గోలు పుట్టింది. లైనక్స్ నిపుణులను కూర్చోబెట్టుకుని మళ్ళీ పరీక్షిస్తే తేడా తగ్గింది గాని, ఎన్.టి.యే నెగ్గింది! నెట్‌వర్క్ భాగంలో నిజంగానే లోపాలున్నాయని గ్రహించి, లైనక్స్ వాళ్ళు తర్వాతి కెర్నెల్‌లో సరిదిద్దుకున్నారు. డబ్బు ఎవరిదన్నది అనుమానానికి మొదలే గాని తీర్పు కాదన్నమాట.

అయితే డబ్బిచ్చినవాడి చెయ్యి ఎక్కడ పడుతుంది? చాలాసార్లు జవాబు మీద కాదు, ప్రశ్న మీద. దేన్ని దేనితో పోల్చాలో నిర్ణయించేది అతనే. లైనక్స్ ఖర్చు పది రెట్లని చెప్పిన ఒక మైక్రోసాఫ్ట్ ప్రకటనను 2004లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ తప్పుపట్టింది. ఎందుకంటే లైనక్స్‌ను ఐ.బి.ఎం. మెయిన్‌ఫ్రేం మీద, విండోస్‌ను మామూలు ఇంటెల్ యంత్రం మీద ఉంచి లెక్కకట్టారు. ఏనుగు మేతను మేక మేతతో పోల్చి, తేడా అంతా మావటివాడి మీదకి నెట్టినట్లుంది!

ఇప్పుడు "అభివృద్ధి ఖర్చు" అనే మాటను పట్టుకుందాం. ఇవి కేవలం లెక్క కోసం నేను అనుకున్న అంకెలు. కమర్షియల్ సిస్టంతో పరికరం రూపొందించడానికి 6 లక్షలు, లైనక్స్‌తో 12 లక్షలు అయ్యాయనుకోండి. డ్రైవర్లు రాసుకోవడం, ఇంజనీర్లు కొత్తగా నేర్చుకోవడం వల్ల లైనక్స్‌కు రెట్టింపయింది. కాని కమర్షియల్ సిస్టంకు ఒక్కో పరికరానికి 150 రూపాయల లైసెన్సు కట్టాలి. లైనక్స్‌కు అక్కర్లేదు. 1,000 పరికరాలు అమ్మితే కమర్షియల్ ఖర్చు ఏడున్నర లక్షలు, అదే చౌక. 4,000 అమ్మితే 12 లక్షలు, రెండూ సమానం. 20,000 అమ్మితే 36 లక్షలు, లైనక్స్‌కు మూడు రెట్లు! అభివృద్ధి ఖర్చు దగ్గరే లెక్క ఆపితే ఇదేదీ కనబడదు. చెప్పిన అంకె నిజమే, ఆపిన చోటులోనే ఉంది కిటుకంతా.

ఇంకొకటి, కాలం. ఎంబెడెడ్ పరికరం పది పదిహేనేళ్ళు పనిచేయాలి. విండోస్ సి.ఇ. వంశంలో చివరిదైన ఎంబెడెడ్ కాంపాక్ట్ 2013కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2023 అక్టోబరు 10తో ముగిసింది. దాని మీద కట్టుకున్నవారు వేరే దారి వెతుక్కోవాల్సిందే. లైనక్స్‌లో మూలం మన చేతిలో ఉంటుంది. నిజమే, కాని దాన్ని ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండే మనిషి జీతం మనమే ఇవ్వాలి. లైనక్స్ సర్వీసు అమ్మేవారి రిపోర్టుల్లో ఈ జీతం ఉందో లేదో చూడండి. ఆ అమ్మాయి ప్రశ్నకు నా జవాబిదే: ఎవరు రాయించినా ప్రశ్నలు అవే. ఎవరిని అడిగారు? దేన్ని దేనితో పోల్చారు? ఎన్ని పరికరాలకు, ఎన్నేళ్ళకు? ఏ ఖర్చు వదిలేశారు? ఈ నాలుగింటికీ జవాబివ్వని రిపోర్టును, అది మన అభిమాన పక్షానిదైనా సరే, పక్కన పెట్టాలి.

నెల తర్వాత ఆ కుర్రాళ్ళు సొంతంగా లెక్క వేసుకొచ్చారు. పాతిక ట్యాంకులు, పదేళ్ళు, తమ పని గంటలతో సహా రాశారు. కమర్షియల్ సిస్టమే చౌక అని తేలింది. నా మనసు లైనక్స్ వైపే ఉన్నా, తప్పు పట్టడానికి ఏమీ దొరక్క సంతకం పెట్టాను. ఆనాడు వాడు చెప్పిన మాటే నిజమైంది, కాని ఈసారి అది వాడి మాట. ఆ రోజు తొందరపడి "కూర్చో" అన్నందుకు ఈ పేజీల్లో వాడికి క్షమాపణ చెప్పుకుంటున్నాను.