బండి దిగకు తల్లీ

చి|| బుజ్జమ్మను తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. నాకోసం ఒకసారి, అమ్మమ్మకు వినిపించడానికి ఇంకోసారి చదివాను. కాలేజీ వాళ్లు ఢిల్లీ తీసుకుపోతున్నారంటే ఇద్దరికీ ఎంత సంతోషమైందో చెప్పలేను. కానీ అందులో రెండు మాటలు గుచ్చుకున్నాయి. "మొదటి రోజంతా వేస్టు తాతయ్యా, రైల్లోనే పోతుంది" అన్నావు. అదొకటి. బండి ఎక్కడ ఆగితే అక్కడ అందరూ దిగి స్టేషను పేరున్న పసుపు బోర్డు కింద ఫోటో దిగాలనుకున్నారనీ, తీసే పని నీదేననీ రాశావు. అది రెండోది. అది చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. "చిన్నపిల్లలు, సరదా పడతారు, రాయకండి" అంటోంది అమ్మమ్మ. ఆవిడ గార్డుగా బ్రేక్ వ్యాన్‌లో నిలబడి ప్లాట్‌ఫారం చూడలేదు. నేను చూశాను.

ఆ పసుపు బోర్డు ఎక్కడుంటుందో ఎప్పుడైనా గమనించావా? ప్లాట్‌ఫారం కొసన, ఏటవాలుగా కిందికి దిగిపోయే చోట ఉంటుంది. మీ బోగీ మధ్యలో ఉంటే అక్కడిదాకా నడవడానికే రెండు మూడు నిమిషాలు కావాలి. మంచిర్యాల, కాగజ్‌నగర్ లాంటి చోట బండి అంతసేపు ఆగనే ఆగదు. మీరు ఇరవైమంది వరసగా నిలబడి, వెనకవాళ్లు కనపడలేదని మళ్లీ సర్దుకునేలోపు స్టార్టర్ సిగ్నల్ పడిపోతుంది.

పైగా ఇప్పటి బండి కదిలేది తెలియదమ్మా. ఆవిరి ఇంజను రోజుల్లో కదిలేముందు పెద్ద కూత, ఆవిరి చప్పుడు, బోగీలన్నీ ఒకదాన్నొకటి లాక్కుంటూ ఒక కుదుపు ఉండేవి. నిద్రపోతున్నవాడికి కూడా తెలిసేది. ఎలక్ట్రిక్ ఇంజను నీళ్లలో పడవలా జారుకుంటుంది. హారన్ మోగుతుంది, కాదనను, కానీ ముందెక్కడో ఇరవై బోగీల అవతల మోగేది ప్లాట్‌ఫారం గోలలో నీ చెవిన పడదు. తల తిప్పి చూసేసరికి మీ బోగీ తలుపు నిన్ను దాటిపోతుంటుంది. అప్పుడే మనిషి పరుగెత్తుతాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కాజీపేట నుంచి బల్లార్షా దాకా ప్యాసింజరు బండి పనిచేసేవాణ్ని. రాత్రి బల్లార్షా రన్నింగ్ రూములో పడక, మర్నాడు తిరుగు బండి. అక్కడి వంటాయన జొన్నరొట్టె మీద కాల్చిన వంకాయ పచ్చడి పెట్టేవాడు, ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. సరే, ఒక ఎండాకాలం కాలేజీ పిల్లలు ఒక బోగీ నిండా ఎక్కారు. ఏదో చిన్న స్టేషన్లో క్రాసింగ్ కోసం ఆగాం. ఒక అబ్బాయి మరచెంబు పట్టుకుని కుళాయి దగ్గరికి దిగాడట. కుళాయి గోడ చాటున ఉంది, నాకు కనపడలేదు. ఎదుటి బండి వెళ్లింది, సిగ్నల్ పడింది, జెండా ఊపాను, బండి కదిలింది. అప్పుడు గోడ చాటునుంచి పరుగెత్తుకొచ్చాడు. ఒక చేత్తో తలుపు కమ్మీ పట్టుకున్నాడు, రెండో చేతిలో నిండు చెంబు. ఆ చెంబు వదలడు! ఫుట్‌బోర్డు మీద కాలు జారింది, రెండు కాళ్లూ ప్లాట్‌ఫారం అంచు మీద ఈడ్చుకుపోతున్నాయి. బ్రేకు వాల్వు లాగేశాను.

బండి ఆగేసరికి లోపల ఎవరో వాడి కాలరు పట్టుకుని వేలాడదీసుకుని ఉన్నారు. మోకాళ్లు రెండూ చీరుకుపోయాయి, బొటనవేలి గోరు లేచిపోయింది. బ్రేక్ వ్యాన్‌లో నా పెట్టె మీద కూర్చోబెట్టి టింక్చరు రాశాను. ఏడుస్తూనే చెంబు ఒళ్లో పెట్టుకున్నాడు, సగం నీళ్లు అందులో అలాగే ఉన్నాయి. "వదిలేస్తే రెండు చేతులా పట్టుకునేవాడివి కదరా" అంటే, "మా అమ్మది సార్" అన్నాడు.

నీ చేతిలో చెంబు ఉండదు, ఫోను ఉంటుంది. దాన్ని నువ్వూ వదలవు, నాకు తెలుసు. అందుకే ఇంత రాస్తున్నాను. ఒకవేళ ఏ కారణంగానైనా దిగి, బండి కదిలిందనుకో, పరుగెత్తకు. పోతే పోనీ. స్టేషను మాస్టరు గదికి వెళ్లు, 139కి ఫోను చెయ్యి, మీ మాస్టారికి చెప్పు, వెనక బండిలో వెళ్లొచ్చు. ఢిల్లీకి ఒకపూట ఆలస్యమైతే ఏమీ కాదు. ఎవరైనా కింద ఉండిపోయి ప్రమాదంలో ఉంటే తప్ప గొలుసు జోలికి పోవద్దని నీ స్నేహితులకు చెప్పు. సరైన కారణం లేకుండా లాగితే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా.

కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. మా క్వార్టరు అరుగు మీద కూర్చుని గూడ్సు బండి డబ్బాలు లెక్కపెట్టి, తప్పిపోతే మళ్లీ బండి వచ్చేదాకా అన్నం తినని పిల్లవి నువ్వు. ఆ పిల్లే మొదటి రోజు వేస్టు అంటే నాకు కష్టమనిపించదా?

ఆ రోజు ఏం దాటబోతున్నావో చూడు. మీ బండి 1976లో ఏపీ ఎక్స్‌ప్రెస్‌గా మొదలైంది, 2015లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. కాజీపేట నుంచి బల్లార్షాకు లైను 1929లో పూర్తయ్యాకే మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి పడింది. పెద్దపల్లి దగ్గర ధూళికట్ట ఉంది, శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. రామగుండంలో ఎన్టీపీసీ పొగగొట్టాలు కనిపిస్తాయి, ఆపైన గోదావరి. వంతెన మీద చక్రాల చప్పుడు మారుతుంది, కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. బెల్లంపల్లి చుట్టూ సింగరేణి బొగ్గు. కాగజ్‌నగర్ దాటాక అడవి, బల్లార్షా ముందు వార్ధా నది. అక్కడికి అమ్ముకునేవాళ్ల కేకల్లో తెలుగు తగ్గి, మరాఠీ, హిందీ మొదలవుతాయి. నాగపూర్‌లో బత్తాయిలు, కమలాలు కిటికీ దగ్గరికే తెస్తారు, దిగి కొనక్కర్లేదు. స్లీపరు బోగీ దొరికిందని బాధపడ్డావు. నన్నడిగితే అదే అదృష్టం. ఏసీ అద్దంలోంచి గాలి రాదు, వాసన రాదు.

ఇటార్సీ దాటాక రాత్రిపూట నర్మద వస్తుంది. బోగీలో చాలామంది లేచి దండం పెట్టుకుంటారు. నువ్వూ పెట్టుకో, చెయ్యి మాత్రం బయట పెట్టకు. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 రాత్రి ఒక ఫ్యాక్టరీలో గ్యాసు లీకై వేలమంది పోయారు. స్టేషనుకు ఆ ఫ్యాక్టరీ ఎంతో దూరం లేదు, డ్యూటీలో ఉన్న రైల్వే వాళ్లు కూడా ఆ రాత్రి పోయారు. వాళ్లను ఒక్క నిమిషం తలచుకో. భోపాల్ తర్వాత సాంచి. మీరు నిద్రలో దాటిపోతారు, అదొక్కటే నాకు చింత. పగలైతే గుట్ట మీద స్తూపం బండిలోంచే కనిపిస్తుంది. దాని దక్షిణ తోరణం మీద, శాతవాహన రాజు శాతకర్ణి దగ్గరి శిల్పుల పెద్ద ఆనందుడు ఇచ్చిన దానమని శాసనం ఉంది. ఉదయం ధూళికట్ట, రాత్రి సాంచి! ఒకే రోజులో శాతవాహనుల గుర్తులున్న రెండు చోట్లూ దాటుతావు. దీన్ని వేస్టంటావా?

ఢిల్లీ సంగతి మీ మాస్టార్లు చూసుకుంటారు. నాకు తెలిసింది నాలుగు మాటల్లో చెప్తాను. న్యూఢిల్లీ స్టేషనుకు రెండు వైపులు, పహాడ్‌గంజ్ ఒకటి, అజ్మేరీ గేట్ ఒకటి. ఎటు దిగాలో ముందే అడిగి పెట్టుకోండి, గుంపు విడిపోయేది అక్కడే. ఎర్రకోట, నేషనల్ మ్యూజియం సోమవారం మూసేస్తారు. మ్యూజియంలో నాగార్జునకొండ శిల్పాలున్నాయి, మనవాళ్లు చెక్కినవి, వాటి దగ్గర కాసేపు నిలబడు. మధ్యాహ్నం భోజనానికి అశోకా రోడ్డు ఆంధ్రాభవన్‌కు తీసుకెళ్లమను. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర కనపడితే మీకు ప్రాణం లేచొస్తుంది. పక్కనే హైదరాబాద్ హౌస్, నిజాంకు లుట్యెన్స్ కట్టిన భవనం. చలి గట్టిగా ఉంటుంది. చెవులకు మఫ్లరు కట్టు, నీకు చెవిపోటు వస్తే నిద్ర ఉండదు.

మీరు బయల్దేరే రోజు ఉదయం కాజీపేటలో నేనూ అమ్మమ్మా ప్లాట్‌ఫారం మీద ఉంటాం. పులిహోర, చెక్కలు, నీ స్నేహితులకు కూడా సరిపడా తెస్తున్నాం. బోగీ నంబరు, బెర్తు నంబరు ముందురోజు ఫోనులో చెప్పు, సరిగ్గా మీ తలుపు ఎదురుగా నిలబడతాను, ఆ లెక్క నాకు తెలుసు. నువ్వు కాళ్లకు దండం పెట్టాలని కిందికి దిగొద్దు. లోపలే ఉండు. క్యారేజీ తలుపు దగ్గరే అమ్మమ్మ అందిస్తుంది, ఆశీర్వాదం కూడా అక్కణ్నుంచే. ఖాళీ క్యారేజీ తిరుగు ప్రయాణంలో ఇద్దువుగాని.

ఇట్లు,
మీ తాతయ్య