వడ్రంగి చేతులు, తండ్రి మనసు

దైవప్రవక్త హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలామ్) వృత్తిరీత్యా వడ్రంగి. ‘సహీహ్ ముస్లిం’లోని ఒక చిన్న హదీసు మనకు ఈ సంగతి చెబుతుంది. ప్రవక్త పదవి ఉన్నా ఆయన తన చేతి కష్టం మీదే బతికారు. వడ్రంగం శ్రేష్ఠమైన వృత్తి అనీ, దానివల్ల మనిషి మర్యాద తగ్గదనీ ఇమామ్ నవవీ ఈ హదీసును వివరిస్తూ రాశారు.

ఇక ఆయన ఇంటి సంగతి చూద్దాం. బాలిక మర్యమ్‌ను ఎవరు పెంచాలన్న ప్రశ్న వచ్చింది. చీటీలు వేసినట్లుగా కలాలు వేసి తేల్చారు. ఆ బాధ్యత జకరియ్యా (అలైహిస్సలామ్)కు దక్కిందని ‘ఆలి ఇమ్రాన్’ సూరా తెలుపుతోంది. అప్పటికి ఆయనకు సంతానం లేదు. అయినా ఆ బిడ్డను చేరదీసి ఊరుకోలేదు, వెళ్ళి చూసుకునేవారు. వెళ్ళినప్పుడల్లా ఆమె దగ్గర ఆహారం కనిపించేది. “మర్యమ్, ఇది నీకు ఎక్కడిది?” అని అడిగారు. బిడ్డ ఏం తింటోందో, అది ఎలా వచ్చిందో తెలుసుకోవడం పెంచేవారి విధి. అల్లాహ్ ఇచ్చాడని ఆమె చెప్పింది. ఆ మాట విన్నచోటే ఆయన తనకూ ఒక మంచి బిడ్డను ప్రసాదించమని దుఆ చేశారు. ఎముకలు సడలి, తల నెరిసిన వయసులో ఆయనకు యహ్యా (అలైహిస్సలామ్) కలిగారు.

సోదర సోదరీమణులారా! అనాథ బిడ్డకు డబ్బు పంపడంతో మన బాధ్యత తీరదు. వెళ్ళి చూద్దాం, పలకరిద్దాం. మన ఇంటి తలుపు చేసిన వడ్రంగికి కూలి బేరమాడకుండా, ఆలస్యం చేయకుండా ఇద్దాం. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.