వేరుశనగ కాయకు చింతగింజ పురుగు బెడద

పైతొక్క పగలని కాయకు పురుగు భయం లేదని వేరుశనగ వర్తకులలో చాలామంది నమ్మకం. ఎర్ర పిండిపురుగు వంటి వాటి విషయంలో ఈ మాట చాలావరకు నిజమే. కాని ఒక పురుగు విషయంలో ఇది చెల్లదు. దాని శాస్త్రీయ నామం కారియెడాన్ సెర్రేటస్.

ఇది ఆకుతినే పెంకుపురుగుల కుటుంబానికి చెందినదే అయినా, దీని పిల్లపురుగు తినేది గింజను. ఉష్ణ దేశాలలో చింత, రేల, తుమ్మ, దేవకాంచనం జాతుల కాయలు దీనికి ఆశ్రయం. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట కనుక, ఈ పురుగుకు తర్వాత దొరికిన తిండి. సెనెగల్‌లో 1910 దశకంలోనే వేరుశనగకు దీనివల్ల నష్టం కనిపించింది.

కళ్లంలో కాయలు ఆరుతున్నప్పుడే తల్లిపురుగు పైతొక్కకు గుడ్లు అంటిస్తుంది. పిల్లపురుగు తొక్కను తొలుచుకుని తిన్నగా పప్పులోకి పోతుంది. ఆ రంధ్రం కంటికి ఆనదు. ఎదిగాక పెద్ద రంధ్రం చేసి, కాయలోనో, బస్తాల అడుగుననో కాగితం వంటి గూడు కట్టుకుంటుంది. వేడి, తేమ అనుకూలిస్తే గుడ్డు పెంకుపురుగు కావడానికి సుమారు ఆరు వారాలు. కాబట్టి యార్డులో శుభ్రంగా కనిపించిన సరుకు రెండు నెలలలో గోదాములోనే గుల్ల కావచ్చు. అప్పుడు తూకం తగ్గుతుంది, మిల్లులో పప్పు దిగుబడి పడిపోతుంది, నూనెలో ఆమ్లశాతం పెరుగుతుంది, విత్తనం మొలకెత్తదు.

చింతపండు వర్తకానికి పేరుపొందిన హిందూపురం, వేరుశనగ విస్తారంగా పండే అనంతపురం ఇరుగుపొరుగు ప్రాంతాలు. రెండు సరుకులూ నిలవచేసే వర్తకులు గింజ తీయని చింతపండును, చింతగింజలను కాయల బస్తాలున్న గోదాములో ఉంచరాదు. చింతగింజలు పోసిన గోనెలను శుభ్రం చేయకుండా కాయలకు వాడరాదు.

శాంపిలు చూసేటప్పుడు పైబస్తాతో సరిపెట్టుకోక, అడుగు బస్తాల నుంచి కూడా కాయలు తీసి ఒలిచి చూడాలి. బస్తాల కింద తెల్లని గూళ్లు కనిపిస్తే ఆ సరుకును వేరుచేసి త్వరగా మిల్లుకు పంపడం మేలు. నిలవ ఉంచదలచిన కాయలో తేమ 8 శాతం మించరాదు. గాలి చొరని మూడు పొరల సంచులలో ఈ పురుగు బతకలేదని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరీక్షలలో తేలింది. ఖరీదైన విత్తనపు కాయకు ఆ సంచుల ఖర్చు బరువు కాదు.